వర్జ్యానికి ముందే మొదలైన పరుగు

అమీర్‌పేట మైత్రీవనం మెట్లు రెండేసి చొప్పున ఎక్కే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! పై అంతస్తుల్లో మీకు సాఫ్ట్‌వేర్ రాయడం నేర్పుతారు. పరీక్షించడం కూడా నేర్పుతారు గాని, ఆ బ్యాచ్‌లో కుర్చీలు ఎప్పుడూ ఖాళీగానే కనిపిస్తాయి. రాసేవాడు సృష్టికర్త, పరీక్షించేవాడు అనుమానపు మనిషి అని మనవాళ్లలో ఒక అభిప్రాయం స్థిరపడిపోయింది. నేను ఉద్యోగం చేసినన్నాళ్లూ ఆ రెండో రకం మనిషిని. రిటైరయ్యాక తీరిక దొరికింది కాబట్టి, అనుమానించడం నేరమైన ఒక ఆదివారం సంగతి మీకు చెప్పాలని కూర్చున్నాను.

నేను చేసిన పని పరుగు పందేల్లో కాలం కొలవడం. "అదో ఉద్యోగమా? చేతికి వాచీ ఉంటే చాలదా?" అని మా వియ్యంకుడు ఇప్పటికీ అడుగుతుంటాడు. అంతకుముందు సనత్‌నగర్‌లో మీటర్లు తయారుచేసే ఒక చిన్న కార్ఖానాలో ఉండేవాణ్ని. అక్కడ యూనియన్ గదిలో సాయంత్రాలు హేతువాద చర్చలు జరిగేవి. జాతకాలు, వాస్తు, దిష్టి, వారానికొకదాన్ని పట్టుకుని చీల్చి చెండాడేవాళ్లం. ఎదుటివాణ్ని మాటల్లో ఎలా ఓడించాలో ఆ గది నాకు నేర్పింది. ఓడినవాడు మర్నాడు కూడా వెళ్లి జాతకం చూపించుకుంటాడన్న సంగతి మాత్రం ఆ గదిలో ఎవరూ చెప్పలేదు.

కార్ఖానా మూతపడ్డాక అమీర్‌పేటలో ఒక టిఫిన్ సెంటర్ పైనున్న టైమింగ్ కంపెనీలో చేరాను. కింద మినపట్టు వాసన, పైన మా లాప్‌టాప్‌లు. యజమాని గుంటూరు వైపు మనిషి. నోరు మంచిది, చెయ్యి మంచిది, పంచాంగం మాత్రం ఎప్పుడూ జేబులో ఉండేది. నన్ను "మాస్టారూ" అనేవారు. నేను ఏ బడిలోనూ పాఠం చెప్పలేదు. అతిగా ప్రశ్నలు వేసేవాణ్ని మనవాళ్లు గౌరవంగా వదిలించుకునే పిలుపు అది.

పని ఎలా జరుగుతుందో నాలుగు ముక్కల్లో చెబుతాను. పరుగెత్తేవాళ్ల రొమ్ము మీద నంబరు కాగితం ఉంటుంది కదా, దాని వెనక చిన్న చిప్ అంటించి ఉంటుంది. రోడ్డుకు అడ్డంగా పరిచిన రబ్బరు మ్యాట్ దాటగానే పక్కనున్న రీడర్ పెట్టె ఆ చిప్‌ను చదివి, సమయాన్ని తనలో దాచుకుని, లాప్‌టాప్‌కు పంపుతుంది. పాత సాఫ్ట్‌వేర్‌లో తుపాకీ పేలగానే నేను ఒక బటన్ నొక్కేవాణ్ని. అంతకుముందు మ్యాట్ మీద ఎవరు నడిచినా, గంతులేసినా సాఫ్ట్‌వేర్ పట్టించుకునేది కాదు. బటన్ తర్వాత మొదటిసారి దాటితే బయలుదేరినట్టు, రెండోసారి దాటితే పరుగు ముగించినట్టు. ఇంతే విద్య.

ఈ విద్యలో మా యజమానికి ఒక లోపం కనిపించింది. అది నేను. "ఒక మనిషి బటన్ నొక్కడమేంటండీ ఈ రోజుల్లో?" అన్నారు. అలా మా కంపెనీ సొంత సాఫ్ట్‌వేర్ పుట్టింది. ఇంకా పుట్టలేదనుకోండి, బీటాలో ఉంది. బీటా అంటే తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను: కంపెనీ రాయాల్సిన పరీక్షను జనం చేత రాయించి, తప్పిన మార్కులు కూడా జనం ఖాతాలోనే వేసే ఏర్పాటు. ఇంట్లో ఎవరూ రుచి చూడని వంటను పెళ్లి పంక్తిలో మొదటిసారి వడ్డించడం.

దాన్ని రాసిన కుర్రాడు కరీంనగర్ వైపు నుంచి వచ్చి ఎస్.ఆర్. నగర్ హాస్టల్లో ఉండేవాడు. తెలివైనవాడు, నవ్వుముఖం. తెలివికి తోడు ధైర్యం కూడా ఉండటమే వచ్చిన చిక్కు.

"ఫికర్ చెయ్యకుండ్రి సార్. మస్తుగ టెస్ట్ చేసిన," అన్నాడు.

"ఎక్కడ చేశావు నాయనా?"

"మా హాస్టల్ మెట్ల మీద సార్. రూమ్మేట్లను పదిమందిని చిప్పులు పెట్టి ఉరికించిన. ఒక్కటి సుత మిస్ కాలే."

"పందెంలో వేలమంది ఉంటారు. వాళ్లందరూ మీ రూమ్మేట్లంత బుద్ధిగా మెట్లెక్కుతారా?"

"గట్ల అనుమానపడితె కొత్తది ఎప్పుడొస్తది సార్?" అన్నాడు. ఆ మాటకు యజమాని మురిసిపోయారు. నేను ఒక్కటే అడిగాను: మొదటిసారి కాబట్టి పక్కన ఇంకో లాప్‌టాప్‌లో పాత సాఫ్ట్‌వేర్‌ను కూడా నడుపుదాం. రెండూ ఒకటే చెబితే సంతోషం, వేరువేరుగా చెబితే ఎక్కడ తేడా వచ్చిందో వెతుక్కుందాం.

యజమాని రెండు చెవులూ మూసుకున్నారు. "మాస్టారూ, మీకు దణ్ణం పెడతాను. కొత్త కోడలు గుమ్మంలో అడుగు పెడుతుంటే పక్కన ఇంకో పీట వేసి, 'ఈవిడ సరిపడకపోతే' అని ఇంకొకావిణ్ని కూర్చోబెడతామా? శుభమా అని మొదలుపెడుతూ పాతది పక్కన పెట్టుకుంటే అపశకునం అండీ."

నేను విన్న అపశకునాల్లో పిల్లి ఉంది, తుమ్ము ఉంది, ఎదురొచ్చిన విధవరాలు అనే సిగ్గుమాలిన దుర్మార్గం కూడా ఉంది. ముందుజాగ్రత్త కూడా అపశకునమేనన్నది నాకు అమీర్‌పేటలో తెలిసింది. ఒకవైపు "మనిషి పొరపాటు చేస్తాడు, అందుకని యంత్రం" అంటారు. ఇంకోవైపు ఆ యంత్రం పొరపాటు చేస్తుందేమో అంటే చెవులు మూసుకుంటారు. ఇది విజ్ఞానం కాదు, వేషం మార్చిన పాత భక్తి. గుడి మారింది, గంట మారింది, దణ్ణం మారలేదు.

యజమాని పెట్టించిన ఇంకో నిబంధన కూడా చెప్పాలి. కొందరు మొత్తం దూరం పరుగెత్తకుండా మధ్యలో అడ్డదారి పట్టి వచ్చేస్తారు. అలాంటివాళ్లను పట్టుకోవడానికి, మనిషికి సాధ్యం కానంత తొందరగా ముగించినవాళ్లను కొత్త సాఫ్ట్‌వేర్ తనంతట తానే మోసగాళ్లుగా తీర్మానించి, ఎర్రరంగు వేసి, వాళ్ల లెక్క మూసేస్తుంది. మంచిదే. కాని వేదిక మీది పెద్దలకు కూడా సరదాగా నంబర్లిచ్చే అలవాటు మాకుంది. కిందటేడు ఒక పెద్దమనిషి కొద్ది దూరం నడిచి వెనక్కి వచ్చేస్తే పాత సాఫ్ట్‌వేర్‌లో ఆయన పేరు పక్కన ప్రశ్నార్థకం పడింది, రభస అయింది. అందుకని ఈసారి మోసాన్ని పట్టుకునే నిబంధన నుంచి వీఐపీ నంబర్లకు మినహాయింపు ఇచ్చారు. ఈ ఒక్క విషయంలో మాత్రం మా బీటా దేశకాల పరిస్థితులను సరిగ్గా అర్థం చేసుకుందని ఒప్పుకుంటాను.

ఇక ఆ ఆదివారం. పంజాగుట్టలో ఆర్చీ కట్టారు. అక్కడి నుంచి మెట్రో స్తంభాల పక్కనే అమీర్‌పేట, ఎస్.ఆర్. నగర్ దాటి ఎర్రగడ్డ అవతల మలుపు తిరిగి, మళ్లీ అదే ఆర్చీ కిందికి రావాలి. బయలుదేరే మ్యాటూ, ముగించే మ్యాటూ ఒకటే. మలుపు దగ్గర వాలంటీర్లు నిలబడి ఒక్కొక్కరి చేతికి పచ్చ రబ్బరు బ్యాండు తొడుగుతారు. అక్కడిదాకా వెళ్లామనడానికి అదే గుర్తు.

స్పాన్సర్ ఒక ప్రైవేటు విద్యాసంస్థ. దాని కరస్పాండెంట్ గారు వేదిక మీద మైకు పట్టుకుని, "మహిళల్లో మొదటగా వచ్చిన అమ్మాయికి మా స్కూల్లో పీఈటీగా పర్మినెంట్ ఉద్యోగం!" అని ప్రకటించారు. చప్పట్లు కొట్టిన జనానికి అదొక మాట. ఒక అమ్మాయికి మాత్రం అది రెండేళ్లుగా ఎదురుచూస్తున్న అన్నం. సిద్దిపేట పక్క పల్లె పిల్ల. వ్యాయామ విద్య చదివి, ఎస్.ఆర్. నగర్ హాస్టల్లో ఉంటూ, పొద్దున పరుగు, పగలు ఒక బట్టల దుకాణంలో నిలబడే ఉద్యోగం. కిందటేడు రెండో స్థానంలో వచ్చింది. నంబరు తీసుకోవడానికి మా గుడారానికి వచ్చినప్పుడు, "ఈసారి రాకపోతె ఇంటికొచ్చెయ్యమన్నడు సార్ మా నాయిన," అని నవ్వుతూ చెప్పింది. నవ్వు మాత్రం ముఖం మీదే ఉంది.

పరుగు మొదలు ఆరున్నరకు. ఆరు నుంచి వర్జ్యం. పోలీసువాళ్లు పరుగు సమయాన్ని జరపరు, పంచాంగం వర్జ్యాన్ని జరపదు. మా యజమాని దీనికి ఒక దివ్యమైన ఉపాయం కనిపెట్టారు: పరుగు ఎప్పుడైనా మొదలవనీ, సాఫ్ట్‌వేర్ ప్రారంభోత్సవం వర్జ్యానికి ముందే అయిపోవాలి. పురోహితుడు గారు వచ్చారు. లాప్‌టాప్‌కు పసుపూ కుంకుమా పెట్టారు. మా అకౌంట్స్ మేడమ్ ఆ ఉదయపు ఆరాధన మానుకుని వచ్చారు గాని, ప్రార్థన మానలేదు. పక్కకు తిరిగి కళ్లు మూసుకుని అదే లాప్‌టాప్ కోసం ప్రభువుకు మనవి చేసుకున్నారు. సర్వమతాల ఆశీస్సులూ దానికి దక్కాయి. దక్కనిదల్లా ఒక పరీక్ష.

ముఖ్య అతిథి ఒక నాయకుడు. జనం ఆయన్ని అన్న అనేవారు. ఆయనకూ, అనుచరులు ఇద్దరికీ వీఐపీ నంబర్లు. పురోహితుడికీ ఒకటి. ఆయన టీషర్టు వద్దని, కాగితాన్ని ఉత్తరీయానికి పిన్నుతో గుచ్చుకున్నారు. హారతి పళ్లెం పట్టుకోవడానికి ఒక అమ్మాయి ఉంటే ఫొటోలో బాగుంటుందని ఎవరో అన్నారు. యజమాని చూపు బారికేడ్ వెనక కాళ్లు సాగదీసుకుంటున్న సిద్దిపేట పిల్ల మీద పడింది.

"అమ్మా, నువ్వోసారి ఇటు రా."

"సార్, వార్మప్ చేస్కోవాలె."

"రెండే నిమిషాలు తల్లీ. హారతి పడితే నీకే మంచిది, గెలుస్తావు."

ఆమె పళ్లెం పట్టుకుని మ్యాట్ దాటింది. వెనకాలే అన్న, అనుచరులు, పురోహితుడు. మ్యాట్ అవతల కొబ్బరికాయ కొట్టారు, ఫొటోలు దిగారు, అదే మ్యాట్ మీదుగా వేదిక దగ్గరకు తిరిగి వచ్చారు. వర్జ్యం రాకముందే అంతా అయిపోయింది. యజమాని సంతృప్తిగా చేతులు తుడుచుకున్నారు.

ఆయన అనుకున్నదానికంటే ఎక్కువే అయిపోయింది. కొత్త సాఫ్ట్‌వేర్‌లో బటన్ లేదు కదా. మొదటి చిప్ మ్యాట్ దాటగానే పందెం మొదలైనట్టు దాని లెక్క. హారతి వెళ్లింది, పందెం మొదలైంది. హారతి తిరిగొచ్చింది, పందెం ముగిసింది. నలుగురు వీఐపీలకు మినహాయింపు ఉంది కాబట్టి వాళ్లు విజేతలు. ఆ అమ్మాయికి మినహాయింపు లేదు కాబట్టి ఆమె మోసగత్తె. ఆమె లెక్క మూతపడింది. ఇదంతా లాప్‌టాప్ లోపల నిశ్శబ్దంగా జరిగిపోయింది. తెర మీద అప్పటికింకా స్పాన్సర్ ప్రకటనలే ఆడుతున్నాయి. కనుక ఎవరికీ తెలియదు, నాకూ తెలియదు.

ఆరున్నరకు తుపాకీ పేలింది. జనం కదిలారు. నేను గుడారంలో కూర్చుని బటన్ లేని చేతులతో ఏం చేయాలో తెలియక టీ తాగాను.

మగవాళ్లలో మొదటివాడు ఆర్చీ కిందికి వచ్చాక ఫలితాలను పెద్ద తెర మీదికి వదిలారు. జనమంతా తలెత్తి చూశారు. మొదటి స్థానంలో అన్న, ఫొటోతో సహా. రెండు, మూడు స్థానాల్లో అనుచరులు. నాలుగో స్థానంలో పురోహితుడు గారు. పది కిలోమీటర్లకు వాళ్లు తీసుకున్న సమయంలో నేనైతే చెప్పుల పట్టీలు కూడా పెట్టుకోలేను. మైకు పట్టుకున్న కుర్రాడు క్షణం తడబడ్డాడు. తర్వాత వృత్తిధర్మం గుర్తొచ్చినట్టుంది. "మన అన్న! పది కే! ఫస్ట్ ప్లేస్!" అని అరిచాడు. డప్పులు మోగాయి. నవ్వినవాళ్లూ ఉన్నారు, కాదనను. కాని చప్పట్లు కొట్టినవాళ్లు ఎక్కువ.

కాసేపటికి ఆ అమ్మాయి వచ్చింది. ఆడవాళ్లలో ఆమె ముందు ఎవరూ లేరు. ఆర్చీ దగ్గర నిలబడ్డవాళ్లంతా చూశారు, నేనూ చూశాను. ఆమె వెనక, చాలా ఎడంగా, రెండో అమ్మాయి. ఆ రెండో అమ్మాయి మ్యాట్ దాటగానే తెర మీద ఆడవాళ్ల మొదటి స్థానంలో ఆమె పేరు వెలిగింది. మొదటి అమ్మాయి పేరు కింద ఎక్కడో ఎర్రరంగులో ఉంది. ఆమె ఫోన్‌కు సందేశం కూడా వచ్చేసింది: మీరు అడ్డదారిలో వచ్చినట్టు గుర్తించాం, మిమ్మల్ని అనర్హులుగా ప్రకటిస్తున్నాం, వచ్చే ఏడాది నిజాయితీతో పాల్గొనగలరు.

ఆమె ఫోన్ చేతిలో పట్టుకుని గుడారంలోకి వచ్చింది. ఆయాసం ఇంకా తగ్గలేదు.

"సార్, గిదేంది? నేను అడ్డదారిల రాలే. సూడుండ్రి, బ్యాండు." మణికట్టు ముందుకు చాపింది. పచ్చ బ్యాండు ఉంది.

యజమాని దాని వైపు చూసి ఇబ్బందిగా తల తిప్పుకున్నారు. "బ్యాండు సిస్టమ్‌లో ఎక్కదమ్మా. సిస్టమ్‌లో నువ్వు..." మోసం అనే మాట ఆయన నోటికి రాలేదు. అంతవరకు ఆయన మంచివారే.

"అందరు సూసిన్రు గద సార్ నేను ఉరికొచ్చింది!"

అందరూ చూశారు. చూసిన అందరూ ఇప్పుడు తెర చూస్తున్నారు. తమ కళ్లే తప్పు చూసి ఉంటాయని సర్దిచెప్పుకుంటున్నారు. గుడారం పక్కన నిలబడ్డ ఒకాయన, "సెకండ్ వచ్చిన పిల్లే ఫస్ట్ అంటున్నదిగా తెర. మనకేం తెలుస్తది భాయ్," అన్నాడు, అంతకుముందే ఈ అమ్మాయి కోసం ఈల వేసినవాడు.

ఈలోగా ఆ రెండో అమ్మాయిని వేదిక మీదికి పిలిచారు. ఆ పిల్ల మైకు దగ్గరకు వెళ్లి, "నేను కాదు సార్ ఫస్ట్. ఆ అక్క నా ముంగటనే ఉరికింది, అమీర్‌పేట నుంచి ఆమె ఈపే సూసుకుంట వచ్చిన," అంది. కరస్పాండెంట్ గారు ఆమె భుజం తట్టి, "నీ పేరే వచ్చిందమ్మా, ఎందుకు కాదంటావు?" అన్నారు. ఓడిన మనిషి తానే ఓడానని చెప్పుకుంటుంటే నమ్మని సభను నేను మొదటిసారి చూశాను. చర్చల గదిలో అలాంటి అదృష్టం ఎన్నడూ పట్టలేదు.

నేను యజమాని వైపు తిరిగాను. "సిస్టమ్ చెప్పింది నిజమేనంటారా?"

"సిస్టమ్ ఎందుకు అబద్ధమాడుతుందండీ, దానికేం అవసరం?"

"అయితే పురోహితుడు గారు పది కిలోమీటర్లు పరుగెత్తి వచ్చారు. పంచె కుచ్చిళ్లు కూడా చెదరలేదు. ఆయనకు నాలుగో బహుమతి ఇప్పించండి."

"అది... అది డిస్‌ప్లే ఇష్యూ మాస్టారూ."

"ఆయనది డిస్‌ప్లే ఇష్యూ, ఈ పిల్లది మోసమా? ఒకే మ్యాట్, ఒకే హారతి, ఒకే నడక. తప్పయితే రెండూ తప్పు, ఒప్పయితే రెండూ ఒప్పు. ఏదో ఒకటి తేల్చండి."

నా జీవితంలో నేను చేసిన వాదాల్లో ఇంత నున్నగా అతికినది ఇంకోటి లేదు. దానికి జవాబుగా గుడారంలోకి అన్న అనుచరుడు తల దూర్చి, "సార్, అన్న సర్టిఫికెట్ జర జల్ది ఇయ్యుండ్రి. ఫ్లెక్సీకి పంపాలె," అన్నాడు. అసంబద్ధతను ఎత్తి చూపిస్తే ఎదుటివాడు సిగ్గుపడతాడని మా గదిలో నేర్పారు. దాన్ని ఫ్రేమ్ కట్టించుకుంటే ఏం చేయాలో నేర్పలేదు.

అప్పుడు, లాప్‌టాప్ మీదికి వంగి లెక్కలు వెతుకుతున్న కరీంనగర్ కుర్రాడి వైపు చూశాను. నవ్వుముఖం ఎక్కడికో పోయింది. "సార్, సమజైంది," అన్నాడు నెమ్మదిగా. "పూజప్పుడే స్టార్టైంది. మెట్ల మీద ఎవ్వరు ఎనకకు రాలే సార్, అందరు మీదికే ఉరికిన్రు. గందుకే నాకు తెల్వలే."

"మరి ఆమె పరుగు ఎక్కడుంది?"

"రీడర్ పెట్టెల ఉంటది సార్. అది అన్నీ దాస్తది. నా సాఫ్ట్‌వేరే మిగతయి తీసుకోలే. కని దాంట్లకెంచి తియ్యాలంటె గీ వైరు పీకాలె. పీకితె తెర బందైతది."

యజమాని లేచి నిలబడ్డారు. వేరే రాష్ట్రాల నుంచి ఈ సాఫ్ట్‌వేర్ కొంటామన్నవాళ్లు ఇళ్లల్లో కూర్చుని ఆ తెరనే ప్రత్యక్ష ప్రసారంలో చూస్తున్నారు. "వద్దండీ! ఫలితాలు రేపు ఆఫీసులో సరిచేద్దాం. ఆ అమ్మాయికి నేను స్వయంగా చెప్తాను. ఇప్పుడు తెర ఆగిపోతే మన పరువేం కాను?"

"రేపటికి ఆ ఉద్యోగం ఆ రెండో అమ్మాయిదైపోతుంది," అన్నాను. "పైగా అందరి ముందూ ఎర్రరంగు వేసి, రేపు మూడో మనిషికి తెలియకుండా చెరిపేస్తే అది సరిచేయడం అవుతుందా?"

వైరు మీద చెయ్యి వేశాను. వేశానే గాని, పీకింది నేను కాదు. కుర్రాడు నా చెయ్యి పక్కకు జరిపాడు. "మీరు వద్దు సార్. నేను రాసిన, నేనే పీకుత." పీకాడు.

పంజాగుట్ట కూడలిలో అంత పెద్ద తెర నల్లబడిపోయింది. డప్పులు ఆగాయి. యజమాని దేవుణ్ని తలుచుకున్నారు, అకౌంట్స్ మేడమ్ కూడా తలుచుకున్నారు. ఇద్దరూ తలుచుకున్నది వేరువేరు దేవుళ్లనైనా కోరిక ఒకటే అయి ఉంటుంది. ఇంకో లాప్‌టాప్‌లో పాత సాఫ్ట్‌వేర్ తెరిచి, తుపాకీ పేలిన సమయం చెప్పి, పెట్టెలో ఉన్నదంతా దానికి అప్పగించాం. ఆ అమ్మాయి నంబరు నాలుగుసార్లు మ్యాట్ దాటింది. మొదటి రెండూ హారతివి, తర్వాతి రెండూ పరుగువి. పాత సాఫ్ట్‌వేర్ హారతిని పక్కకు నెట్టి పరుగును మాత్రం తీసుకుంది. అది నాస్తికురాలని కాదు, తుపాకీకి ముందు జరిగేదాంతో తనకు పని లేదని దానికి తెలుసు. ఆడవాళ్లలో మొదటి స్థానం ఆమెదే. వీఐపీలు నలుగురూ తుపాకీ తర్వాత మ్యాట్ దగ్గరికే రాలేదు కాబట్టి, అసలు పందెంలోనే లేరు.

కాగితం ముద్రించి ముందుగా ఆమె చేతికే ఇవ్వబోయాను. ఆమె తీసుకోలేదు.

"నాకెందుకు సార్? ఉరికింది నేనే గద, నాకు తెల్వదా? వాళ్లకు సూపియ్యుండ్రి."

ఇన్నేళ్లు రుజువులూ సాక్ష్యాలూ అంటూ వాదించిన నేను ఆ మాటకు తల వంచుకుని వేదిక మెట్లెక్కాను.

ఒక మాట ఇక్కడే చెప్పేస్తాను, తర్వాత చోటు ఉండదు. నన్ను ఉద్యోగంలోంచి తీసేశారని కొందరు రాసుకున్నారు, అది అబద్ధం. మా యజమాని అంత మోటు మనిషి కాదు. నన్ను సలహాదారును చేశారు. అంటే ఎవరూ సలహా అడగని గదిలో నాకొక కుర్చీ వేయించారు. రిటైరయ్యేదాకా అందులోనే కూర్చున్నాను. కుర్రాడు మాత్రం తర్వాత రాసిన ప్రతిదాన్నీ నా దగ్గరకు తెచ్చి, "సార్, దీన్ని జర చెడగొట్టుండ్రి," అనేవాడు. నేను సంతోషంగా చెడగొట్టేవాణ్ని. నా ఉద్యోగ జీవితంలో నాకు దొరికిన బిరుదు అదొక్కటే. అన్నగారి ఫ్లెక్సీ అమీర్‌పేట కూడలిలో వాన వచ్చేదాకా ఉంది. దాన్ని దించమని అడిగే ధైర్యం మా పాత సాఫ్ట్‌వేర్‌కు కూడా లేకపోయింది.

వేదిక మీద కరస్పాండెంట్ గారికి కాగితం ఇచ్చాను. జరిగింది చెప్పబోయాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టారు.

"ఇది కంప్యూటర్ ఇచ్చిందేనా?"

"అవునండీ. కాని ఊరికే నమ్మకండి. ఆ రెండో అమ్మాయిని అడగండి. ఈ అమ్మాయి చేతి బ్యాండు చూడండి. మలుపు దగ్గర నిలబడ్డ వాలంటీర్లను..."

"కంప్యూటర్ ఇచ్చాక ఇంకా అడగడమేంటండీ!" అన్నారాయన. కాగితాన్ని తలకిందులుగా పట్టుకునే, ఆ అమ్మాయి పేరు మైకులో చదివించారు. ఇందాక తెర చెప్పినదాన్ని ఎలా నమ్మారో, ఇప్పుడు నేనిచ్చినదాన్నీ అలాగే నమ్మారు. అన్యాయం ఏ గుడ్డితనంతో జరిగిందో, న్యాయమూ అదే గుడ్డితనంతో జరిగింది. జనం మళ్లీ చప్పట్లు కొట్టారు, ఇందాక కొట్టినవాళ్లే. నేను గెలిచాననుకునే అవకాశం కూడా వాళ్లు నాకు మిగల్చలేదు.

రెండో అమ్మాయి పక్కకు జరిగి ఆమెకు చోటిచ్చింది. కరస్పాండెంట్ గారు నియామక పత్రం తీసి, ఖాళీ ఉన్నచోట పేరు రాయించి, సంతకం చేసి, ఫొటో కోసం నవ్వుతూ ముందుకు చాచారు. ఆమె అందుకుంది. కెమెరావాళ్లు, "మేడమ్, ఇటు చూడండి, ఇటు!" అని కేకలు వేశారు. ఆమె ఎటూ చూడలేదు. చెమట కాగితం మీద పడకుండా కొంచెం ఎడంగా పట్టుకుని, మొదటి అక్షరం నుంచి చదవడం మొదలుపెట్టింది. కింది దాకా చదివి, మళ్లీ పైకి వెళ్లి చదివింది. ఫొటో కోసం పెట్టిన నవ్వు కరస్పాండెంట్ గారి ముఖం మీద బిగుసుకుపోతోంది.

"సార్," అంది ఆమె, మైకు దగ్గరే నిలబడి ఉన్నందువల్ల పంజాగుట్ట అంతా వినపడేట్టు. "ఈ కాగితంల ఒక్క ఏడాదికే అని రాసున్నది. మీరు పర్మినెంట్ అన్నరు గద?"

"అది మామూలు ఫార్మాట్ అమ్మా. తర్వాత ఆఫీసుకు వస్తే..."

"ఆఫీసుకు వస్త సార్, పనికి వస్త." ఆమె తన రొమ్ము మీది నంబరు కాగితానికి గుచ్చిన పిన్ను సర్దుకుని, పత్రాన్ని ఆయన ముందు బల్ల మీద పరిచి, ఆ వాక్యం మీద వేలు పెట్టింది. "ఇది కొట్టేసి, పక్కకు రాసి, సంతకం పెట్టుండ్రి. గప్పటిదాంక నేను గీడనే నిలబడ్త."

కరస్పాండెంట్ గారు జనం వైపు చూశారు. నల్లబడ్డ తెర వైపు చూశారు. చూసి చదవడానికి ఎక్కడా ఏమీ లేదు. జేబులోంచి కలం తీశారు.